జా క్రషర్ ప్లేట్లు మార్చడం: ముందు వేలాడదీయండి, తర్వాతే విప్పండి

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, ఇటు బరంపురం దాకా మా వైపు కంకర క్రషర్లలో జా ప్లేట్లు (దవడల్లా ఎదురెదురుగా నిలబడి మధ్యలో రాయిని నలిపే పళ్ళ ఇనుప పలకలు, ఒకటి కదులుతుంది, ఒకటి కదలదు) మార్చే పని చాలాచోట్ల రాత్రిపూటే జరుగుతుంది. పగలంతా ర్యాంపు మీద టిప్పర్లు వరసకట్టి ఉంటాయి, మెషీన్ ఆపడానికి ఎవరికీ మనసొప్పదు. చీకటి పడ్డాక, అప్పటికే ఒక షిఫ్టు చేసి అలిసిపోయిన మనుషులతో, రెండు లైట్ల వెలుతురులో ఏడెనిమిది వందల కిలోల ఇనుమును కదిలిస్తారు. నేను హెల్పర్‌గా చేరి ఫిట్టర్ అయినవాణ్ణి, ఈ పని ఎన్నిసార్లు చేశానో లెక్క లేదు. ఒక్కసారి జరిగింది మాత్రం మర్చిపోలేను, ఇది రాయడానికి కారణం కూడా అదే.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చి వెళ్ళాక గజపతి జిల్లాలో రోడ్లు, కల్వర్టులు కొట్టుకుపోయి కంకరకు గిరాకీ బాగా పెరిగింది. మేం రెండు షిఫ్టులు నడుపుతున్నాం. ఒక రాత్రి ప్లేట్లు మార్చడానికి దిగాం. మెయిన్ స్విచ్ ఆఫ్ చేశాం, ఫ్యూజులు కూడా పీకేశాం, ఇక భయం లేదనుకున్నాం. రాయి నలిగే చోటుకు రెండు పక్కలా గోడల్లా ఉండే చీక్ ప్లేట్లు తీసేశాం. నిలబడి ఉన్న జా ప్లేటు రాతిపొడితో సీటుకు, అంటే వెనక అది ఆనే భాగానికి, అతుక్కుపోయి ఉంది, ఇది ఎక్కడికి పోతుందిలే, హుక్ తర్వాత వేద్దాం అనుకున్నాం. గునపంతో ఒక్క పోటు పొడిచానో లేదో, ప్లేటు ముందుకు ఒరిగి లోపలున్న హెల్పర్ కుర్రాడి పాదం మీద పడింది. రెండు వేళ్ళు పోయాయి. ఆ గునపం పట్టుకున్నది నేనే. కరెంటు తీసేసినా ఆ ప్లేటు బరువు అక్కడే నిలబడి ఉందన్న ఆలోచన నాకు రాలేదు.

అందుకే ఇందులో ఏ బోల్టు గురించి చెప్పినా ఒక ప్రశ్న వెంట వస్తుంది: ఇది వదిలితే ఏ బరువు ఎటు పోతుంది?

ఎప్పుడు మార్చాలి

మా కొండల్లో దొరికే రాయి ముఖ్యంగా రెండు రకాలు, చార్నకైట్, ఖొండలైట్. క్రషర్‌కు ఎక్కువగా వచ్చేది నల్లరాయి అని మనం పిలిచే చార్నకైట్. అందులో ఉన్న క్వార్ట్జ్ ఇనుమును గీరేస్తుంది. ప్లేటు అంతా సమానంగా అరగదు. రాయి ఎక్కువగా నలిగి జారేది కిందనే కాబట్టి కింది మూడో వంతులో పళ్ళు ముందు పోతాయి. మా దగ్గర కదిలే ప్లేటు కంటే కదలని ప్లేటు ముందు అరుగుతుంది.

చాలా ప్లేట్లు తలకిందులు చేసి వాడుకునేలా పోతపోసి ఉంటాయి. కింద పళ్ళు సగానికి పైగా పోగానే తిప్పి వేసుకుంటే పైన మిగిలిన ఇనుము కూడా పనికొస్తుంది. పళ్ళు పూర్తిగా చదునైపోయేదాకా ఆగితే 40 ఎంఎం సైజులో బెల్లం అచ్చుల్లాంటి పలక రాళ్ళు వస్తాయి, మోటారు ఆంప్స్ పెరుగుతాయి, రాయి నలగకుండా పైకి జారి ఎగురుతుంది. ఇంకా సాగదీస్తే ప్లేటు పల్చబడి పగులుతుంది, వెనకున్న పిట్‌మ్యాన్ (కదిలే జా) సీటు దెబ్బతింటుంది. ప్లేటు మారిస్తే ఒక పూట పోతుంది, పిట్‌మ్యాన్ సీటు పోతే వారాలు పోతాయి. కొత్త ప్లేటు వేసిన రోజే పంటి ఆకారానికి తగరపు రేకు ఒకటి కత్తిరించి పెట్టుకోండి. వారానికోసారి, మెషీన్ ఆపి లాక్ చేశాక, పళ్ళ మీద పెట్టి చూస్తే ఎంత పోయిందో రేకే చెబుతుంది.

ప్లేటు కొనేటప్పుడు

జా ప్లేటు మామూలు ఇనుము కాదు, మాంగనీసు ఉక్కు. 1882లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ కనిపెట్టిన ఉక్కు ఇది, మాంగనీసు 11 నుంచి 14 శాతం దాకా ఉంటుంది. కొత్తలో దీని గట్టిదనం బ్రినెల్ కొలతలో దాదాపు 200 మాత్రమే. రాయి దెబ్బలు తినేకొద్దీ పైపొర గట్టిపడి 500 కూడా దాటుతుంది. దెబ్బ తింటేనే గట్టిపడే గుణం వల్లనే ఇది క్రషర్‌కు పనికొస్తోంది.

అసలుదో కాదో చూడాలంటే అయస్కాంతం పెట్టండి. సరైన మాంగనీసు ఉక్కుకు అయస్కాంతం అంటుకోదు. పోత పోసిన పైపొర కొంచెం లాగొచ్చు కాబట్టి, ఒక మూల గ్రైండర్‌తో కొద్దిగా గీసి ఆ చోట పెట్టి చూడాలి. గట్టిగా పట్టేసుకుంటే ఆ ప్లేటు వెనక్కి పంపండి. వెనక ముఖం మీద పొడవాటి స్టీల్ స్కేలు నిలబెట్టి వంకర ఉందేమో చూడండి.

ఇంకొక గుణం ప్రాణానికి సంబంధించినది. ఈ ఉక్కు సుమారు 260 డిగ్రీలు దాటి వేడెక్కితే లోపల పెళుసుబారుతుంది. ఇక్కడ చాలామంది ప్లేటు ఎత్తడానికి దాని మీద మామూలు రాడ్డుతో కొక్కెం వెల్డింగ్ చేస్తారు. చూడ్డానికి గట్టిగా ఉంటుంది కానీ ఆ వెల్డింగ్ పక్కనే సన్నటి పగులు పుట్టి, బరువు గాల్లో ఉండగా కొక్కెం ఊడి చేతికొస్తుంది. ప్లేటుకు పోతలోనే ఎత్తడానికి రంధ్రం గానీ గాడి గానీ ఉంటే దానికే షాకిల్ (పిన్నుతో మూసే ఇనుప కొక్కెం) వేయండి. లేకపోతే బోల్టుతో బిగించే లిఫ్టింగ్ క్లాంపు ఇవ్వమని ప్లేటు అమ్మినవాణ్ణి గట్టిగా అడగండి.

ముందు రోజు చేసుకోవాల్సినవి

బరువు ఊహించొద్దు, లెక్క కట్టండి. పొడవు, వెడల్పు, సగటు మందం సెంటీమీటర్లలో కొలిచి మూడింటినీ గుణించి, వచ్చినదాన్ని 7.85తో గుణించి 1000తో భాగిస్తే కిలోలు వస్తాయి. 36 బై 24 మెషీన్ ప్లేటు 90 వెడల్పు, 110 ఎత్తు, పళ్ళతో కలిపి సగటున 9 సెంటీమీటర్ల మందం ఉందనుకోండి, దాదాపు 700 కిలోలు. ఇంతటి బరువును నలుగురు గునపాలతో పట్టుకుంటాం అనడం ఒట్టి మాట.

దానికి 2 టన్నుల చైన్ బ్లాక్ (గొలుసుతో బరువు ఎత్తేది) గానీ హైడ్రా (చక్రాల క్రేన్) గానీ పెట్టుకోవాలి. చైన్ బ్లాక్ వేలాడదీసే దూలం కూడా ఆ బరువుకు సరిపోవాలి, షెడ్డు రేకుల కింద ఉన్న సన్నటి యాంగిల్‌కు తగిలించేవాళ్ళను చూశాను, అది పని చేయదు. రెండు కాళ్ళ స్లింగ్ (బరువును హుక్‌కు వేలాడదీసే తాడు) వాడితే దాని కోణం చూసుకోండి. స్లింగ్ కాళ్ళు అడ్డంగా చాచుకునేకొద్దీ ఒక్కో కాలి మీద లాగుడు పెరుగుతుంది. నేల గీతకు 60 డిగ్రీల్లో ఉంటే 700 కిలోల ప్లేటుకు ఒక్కో కాలి మీద దాదాపు 405 కిలోలు పడుతుంది, 45 డిగ్రీలకు 495, 30 డిగ్రీలకు దిగితే ఒక్కో కాలి మీదా మొత్తం 700 కిలోలు. అందుకే పొడవాటి స్లింగ్ మంచిది. తీగలు తెగి పైకి లేచిన వైర్ రోప్, చీలిన బెల్ట్ స్లింగ్ ఆ రోజుకు పక్కన పడేయండి.

ప్లేటును బిగించి ఉంచే వెడ్జ్ (చీల) బోల్టులకు ముందు రోజు సాయంత్రమే తుప్పు వదిలే నూనె పట్టించండి. కొత్త బోల్టులు, నట్లు, వెడ్జులు దగ్గర పెట్టుకోండి, పాత బోల్టు మళ్ళీ వాడటంలో మిగిలేది చిల్లర డబ్బులే. పని పగటి వెలుతురులో పెట్టుకోండి. దీనికోసం ఓనర్‌తో పోట్లాడాల్సి వస్తే పోట్లాడండి.

మా ముఠాల్లో తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు, సవర కుర్రాళ్ళు, ఒక్కోసారి బీహార్ నుంచి వచ్చినవాళ్ళు కలిసి ఉంటారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడక ముందు నుంచీ ఈ నేల మీద రెండు భాషలూ ఉన్నాయి, బజార్లో ఎవరికీ ఇబ్బంది లేదు. గాల్లో ప్లేటు ఊగుతున్నప్పుడు మాత్రం ఒకడు ఆగు అని, ఇంకొకడు రుహ అని, మూడోవాడు రుకో అని అరిస్తే హైడ్రా డ్రైవర్ ఎవరి మాట వినాలి? పని మొదలుకాకముందే అందర్నీ నిలబెట్టి, సైగలు చేసేవాడు ఒక్కడే అని, ఆపమని మాత్రం ఎవరైనా చెప్పొచ్చని, ఆ మాట స్టాప్ అని, చెయ్యి ఇలా ఎత్తితే ఆపాలని, చేసి చూపించండి. ఐదు నిమిషాల పని.

ఆపడం, తాళం వేయడం

ముందు ఫీడర్ ఆపండి. లోపలున్న రాయి మొత్తం నలిగి కిందికి పోయేదాకా క్రషర్‌ను నడపండి, తర్వాతే మోటారు ఆపండి. ఫ్లైవీల్ పూర్తిగా నిలిచేదాకా దగ్గరికి వెళ్ళొద్దు, దానికి చాలాసేపు పడుతుంది.

ప్యానెల్‌లో క్రషర్, ఫీడర్, కింది కన్వేయర్ బెల్టు మూడింటి ఐసోలేటర్లూ (కరెంటు తెంచే స్విచ్‌లు) ఆఫ్ చేసి తాళాలు వేయండి. లోపల పని చేసే ప్రతి మనిషికీ ఒక తాళం, దాని చెవి అతని జేబులోనే ఉండాలి. సూపర్‌వైజర్ దగ్గర ఒకే చెవి ఉంటే కుదరదు, ఎందుకంటే అతను భోజనానికి వెళ్ళి వచ్చి, అందరూ బయటికి వచ్చేశారనుకుని తీసేయొచ్చు. మా వైపు కరెంటు పోతే జనరేటర్ వేసుకుంటాం కాబట్టి చేంజోవర్ స్విచ్‌కు కూడా తాళం పడాలి, చాలామంది మర్చిపోయేది ఇదే. తాళాలు పడ్డాక స్టార్ట్ బటన్ నొక్కి చూడండి. ఏదీ కదలకపోతేనే కరెంటు పోయిందని నమ్మండి.

ఇక కరెంటుతో సంబంధం లేనివి. హాపర్‌లో, ఫీడర్ పెదవి మీద ఇరుక్కున్న రాళ్ళు ఉంటే పొక్లెయిన్‌తో గానీ, పైనుంచి పొడవాటి కడ్డీతో గానీ దించేయండి, లోపల మనిషి ఉండగా పైన ఒక్క రాయి కూడా ఉండకూడదు. ర్యాంపు మూసేయండి, తాడు కట్టి ఊరుకోవద్దు, లోడర్‌ను అడ్డంగా పెట్టి తాళం తీసుకోండి. క్వారీ నుంచి వచ్చే టిప్పర్ డ్రైవర్‌కు లోపల ఏం జరుగుతోందో తెలియదు, అలవాటు ప్రకారం వెనక్కి వచ్చి లోడు వదిలేస్తాడు.

ఫ్లైవీల్‌కు ఒక వైపు బరువు పోతపోసి ఉంటుంది. కదిలే జా మీద నుంచి 700 కిలోల ప్లేటు తీసేయగానే తూకం మారి, కరెంటు లేకుండానే ఫ్లైవీల్ తిరగొచ్చు, దాంతో జా కూడా కదులుతుంది. బరువు వైపు కిందికి వచ్చి నిలిచాక రెండు పక్కలా చెక్క ఆపులు కొట్టి, ఫ్లైవీల్ ఆకును గొలుసుతో ఫ్రేముకు కట్టేయండి. కదిలే జాకు వెనక నుంచి ఊతంగా ఉండే టాగిల్ ప్లేటు కూడా మార్చాల్సి వస్తే కదిలే జాను గొలుసులతో విడిగా పట్టి ఉంచాలి, అప్పటిదాకా టెన్షన్ రాడ్ స్ప్రింగ్ ముట్టుకోవద్దు. నొక్కిపట్టి ఉన్న స్ప్రింగ్ ముందు నిలబడి నట్టు తిప్పడం నేను ఎవరినీ చేయనివ్వను.

విప్పడం

చాలా మెషీన్లలో కదలని ప్లేటును రెండు పక్కల నుంచి పట్టి ఉంచేది చీక్ ప్లేట్లే. అవి తీస్తే జా ప్లేటుకు ఆధారం పోయినట్టే, ఆ రాత్రి మాకు జరిగింది అదే. కాబట్టి చీక్ ప్లేట్ల బోల్టుల మీద స్పానర్ పెట్టకముందే జా ప్లేటుకు షాకిల్ వేసి, హుక్ తగిలించి, గొలుసులో వదులు లేకుండా లాగి పెట్టాలి. ఎత్తడం కాదు, వదులు తీయడం మాత్రమే. ఎక్కువ లాగితే బిగుసుకున్న ప్లేటు ఒక్కసారిగా ఊడి పైకి ఎగురుతుంది.

ఒక్కోసారి ఒక్క ప్లేటే. ఒకటి బయటికి వెళ్ళి నేల మీద చెక్కల మీద పడుకున్నాకే రెండోది మొదలుపెట్టండి. నిలువుగా గోడకు ఆనించి మాత్రం పెట్టొద్దు, అదీ పడుతుంది.

లోపలికి దిగేవాడు నిచ్చెనతో దిగాలి, నడుముకు బెల్టు కట్టుకుని బయట గట్టి చోట కొక్కెం వేసుకోవాలి. బోల్టులు వదులు చేసేటప్పుడు ప్లేటు ఒరిగే వైపున కాళ్ళు ఉండకూడదు. ఇక పూర్తిగా విప్పాక ఎత్తే సమయంలో లోపల ఒక్కరు కూడా ఉండకూడదు. ఊగకుండా పట్టుకోవడానికి తాడు కట్టి బయటి నుంచి పట్టుకోండి, చేత్తో వద్దు.

వెడ్జ్ రాకపోతే? వెంటనే సమ్మెట తీసుకోకండి. దెబ్బలు తిని గట్టిపడిన మాంగనీసు ఉక్కును సమ్మెటతో నేరుగా కొడితే తునక తూటాలా ఎగురుతుంది, కంట్లోకి పోతే కన్ను పోతుంది. మధ్యలో మెత్తటి ఇనుప దిమ్మ గానీ రాగి దిమ్మ గానీ పెట్టి కొట్టండి, కళ్ళద్దాలు అందరికీ ఉండాలి, కొట్టేవాడికే కాదు. కొన్నిసార్లు చిన్న హైడ్రాలిక్ జాకీ పెట్టి నెమ్మదిగా తోస్తే దెబ్బ అవసరమే రాదు. గ్యాస్ కటింగ్‌తో కోసేయడం చివరి దారి. అప్పుడు కూడా పాత ప్లేటును గానీ పాత బోల్టును గానీ కోయండి, సీటు జోలికి పోవద్దు. ఆ పొగలో మాంగనీసు ఉంటుంది, అది నరాలకు చెడ్డది, గాలి ఆడని గుంతలో కూర్చుని పీల్చొద్దు.

సీటు

అందరూ తొందరపడేది ఇక్కడే. పాత ప్లేటు పోయింది, కొత్తది వేసేద్దాం అనిపిస్తుంది. సీటు మీద రాతిపొడి గట్టిపడి ఉంటుంది, దాని మీదే కొత్త ప్లేటు పెడితే మధ్యలో ఖాళీ మిగిలి, ప్రతి దెబ్బకూ ప్లేటు వంగి, బోల్టులు వదులై, చివరికి ప్లేటు విరుగుతుంది. ఇనుప బ్రష్షుతో, గ్రైండర్‌తో మెరిసేదాకా శుభ్రం చేసి స్టీల్ స్కేలు నాలుగు దిక్కులా పెట్టి చూడండి. గుంత ఉంటే సరిచేశాకే ముందుకు వెళ్ళండి, ఖాళీలో రేకు ముక్కలు దూర్చి సరిపెట్టొద్దు.

పొడి వదిలించేటప్పుడు నీళ్ళు చల్లండి, మంచి మాస్క్ పెట్టుకోండి. ఆ పొడిలో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్ తెస్తుంది, వచ్చాక నయంకాదు. మూతికి తువ్వాలు కట్టుకుంటే ఆ సన్నటి పొడి ఆగదు.

సీటు మీద వెల్డింగ్ అవసరమైతే ఎర్త్ క్లాంపును వెల్డింగ్ చేస్తున్న భాగానికే, దగ్గరగా పెట్టాలి. పిట్‌మ్యాన్ మీద వెల్డింగ్ చేస్తూ ఎర్త్‌ను ఫ్రేముకు పెడితే కరెంటు బేరింగుల గుండా వెళ్ళి వాటిని కాల్చేస్తుంది. నెల తర్వాత బేరింగు పోయినప్పుడు కారణం ఎవరికీ అర్థంకాదు.

కొత్త ప్లేటు ఎక్కించడం

కొత్త ప్లేటును నెమ్మదిగా దించి కింది అంచు పూర్తిగా ఆనిందో లేదో చూడండి. తర్వాత వెడ్జులు, బోల్టులు. ఒక వైపు మొత్తం బిగించి రెండో వైపుకు వెళ్ళకుండా, కొంచెం ఇటు, కొంచెం అటు మార్చి మార్చి బిగించండి. మధ్యలో రెండు మూడుసార్లు ప్లేటు వెనక ఫీలర్ గేజ్ (ఖాళీ కొలిచే సన్నటి రేకు) పెట్టి చూడండి, ఎక్కడైనా దూరిపోతే మళ్ళీ విప్పాలి. విసుగే, కానీ తప్పదు. టార్క్ (బోల్టు బిగించాల్సిన బలం) ఎంతో మీ మెషీన్ మాన్యువల్‌లో ఉంటుంది, ఆ అంకెను ప్యానెల్ బోర్డు మీద పెయింటుతో రాసి పెట్టండి. బోల్టులన్నీ బిగిసి, చీక్ ప్లేట్లు కూడా ఎక్కాకే హుక్ తీయండి.

కొత్త పళ్ళతో కింది గ్యాప్ మారుతుంది. కొలిచేటప్పుడు కింది నుంచి చెయ్యి దూర్చొద్దు. లోపల ఎవరూ లేకుండా ఫ్లైవీల్‌ను మీటతో తిప్పి, జా పూర్తిగా మూసుకున్న చోటికి తెచ్చి, మళ్ళీ ఆపులు కొట్టి, చెక్కతో చేసిన గేజ్‌తో పైనుంచి కొలవండి. గ్యాప్ సరిచేసే షిమ్‌లు (ఇనుప రేకులు) మార్చేటప్పుడు జాకీ మీద నమ్మకంతో వేళ్ళు మధ్యలో పెట్టకండి, షిమ్‌కు పిడి ఉంటుంది, దాంతోనే తోయండి.

నడపడం

గార్డులన్నీ, ముఖ్యంగా బెల్టు గార్డు, తిరిగి బిగించండి. ఫ్లైవీల్ గొలుసు, ఆపులు తీశారో లేదో ఇద్దరు చూడాలి. స్పానర్లు, గునపాలు లెక్కపెట్టండి, మనుషుల్ని లెక్కపెట్టండి. ఎవరి తాళం వాళ్ళే తీయాలి. ఒక తాళం మిగిలిపోతే ఆ మనిషి కనిపించేదాకా మెషీన్ కదలకూడదు, అతను టీ కొట్టు దగ్గర ఉన్నాడని ఎవరో చెప్పినా సరే, వెళ్ళి పిలుచుకురండి. తర్వాత హారన్, కాసేపు ఆగి స్టార్ట్.

పావుగంట ఖాళీగా నడిపి, ఆపి, మళ్ళీ తాళాలు వేసి బోల్టులన్నీ బిగించండి. రాయి పోసి రెండు గంటలు నడిచాక ఇంకోసారి, షిఫ్టు చివర ఇంకోసారి. ఆ తర్వాత వారం రోజులు రోజుకోసారి చూడాలి. మాంగనీసు ఉక్కు దెబ్బలు తినేకొద్దీ కొంచెం పరుచుకుంటుంది, సీటులో సర్దుకుంటుంది, అందుకే మొదటి రోజు బిగించిన బోల్టు రెండో రోజుకే వదులవుతుంది. నేను చూసిన విరిగిన కొత్త ప్లేట్లలో చాలావాటికి ఈ రెండో బిగింపు ఎగ్గొట్టడమే కారణం.

ఏదైనా జరిగితే 108కి ఫోన్ చేసి క్రషర్ ఏ ఊరి దారిలో ఉందో స్పష్టంగా చెప్పండి, రోడ్డు మీద ఒక మనిషిని నిలబెట్టండి, కొండ దారుల్లో అంబులెన్సుకు గేటు కనిపించదు. ప్లేటు కింద కాలు చిక్కుకుంటే చేతులతో లాగొద్దు, ముందు చైన్ బ్లాక్‌తో బరువు ఎత్తండి. పెద్ద దెబ్బ అయితే మా వైపు నుంచి బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీకే తీసుకెళ్తారు, పర్లాకిమిడి నుంచి అది చాలా దూరం, కాబట్టి రక్తం ఆపడం తెలిసినవాడు ముఠాలో ఒక్కడైనా ఉండాలి.

చివరగా ప్యానెల్ గదిలో ఒక నోటు పుస్తకం పెట్టండి. తేదీ, ఏ ప్లేటు, తిప్పి వేశారా కొత్తదా, బరువు, ఎవరి దగ్గర కొన్నారు, పాత ప్లేటు ఎన్ని టన్నుల రాయి కొట్టింది, ఏ బోల్టు మారింది, రెండో బిగింపు ఏ టైముకు చేశారు, ఎవరు చేశారు. మా పుస్తకంలో ఇప్పుడు ప్రతి మార్పిడికీ ఇంకొక గడి ఉంది, హుక్ వేసిన టైము, మొదటి బోల్టు విప్పిన టైము పక్కపక్కనే రాస్తాం. మొదటిది రెండోదాని కంటే ముందు ఉందో లేదో నేనే చూసి సంతకం పెడతాను.